చిట్టి చెక్కపెట్టెలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గాజులకో, కుట్టుసామానుకో, పసుపు కుంకుమలకో ఒక చిన్న చెక్కపెట్టెను సొంతంగా అలంకరించుకోవాలనుకునే పాఠకులు రాసిన ప్రశ్నలివి. ఏ డిజైను వేయాలని అడిగినవారి కన్నా, వేసింది ఎందుకు చెడిందని అడిగినవారే ఎక్కువ. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: క్రాఫ్టు షాపులో 8 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తు ఉన్న ఎండీఎఫ్ పెట్టె కొని అక్రిలిక్ రంగు వేశాను. నున్నగా ఉన్న పెట్టె కాస్తా రంగు పడగానే గరుకుగా మారింది. అంచులైతే మరీ పీచుపీచుగా ఉన్నాయి. మూడు పూతలు వేసినా అంతే. రంగు నాసిరకమా?
— ఒక పాఠకురాలు, తణుకు

రంగును అనుమానించకండి. అక్రిలిక్ రంగులో ఉండే నీళ్ళు చేసిన పని ఇది. ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో కలిపి, వేడిమీద గట్టిగా అదిమిన పలక. పై ముఖం బాగా బిగిసి ఉంటుంది కాబట్టి నీటిని కొంత ఆపుతుంది. కోసిన అంచులో మాత్రం పీచు కొసలు బయటికే చూస్తుంటాయి. నీరు తగలగానే అవి తాగి, ఉబ్బి, పైకి లేస్తాయి. ఆరాక మళ్ళీ పడుకోవు. వాటి మీద ఎన్ని పూతలు వేసినా ఆ గరుకే పైకి వస్తుంది.

కొత్త పెట్టెతో అయితే ఇలా మొదలుపెట్టండి. ముందు మడతబందులు, కొక్కెం విప్పేసి, స్క్రూలను ఒక సీసాలో వేసుకోండి. బందుల చుట్టూ రంగు వేద్దామనుకుంటే కుంచె వెంట్రుకలు ఇరుక్కుని అక్కడ గడ్డలు కడుతుంది. తర్వాత 220 నంబరు ఉప్పు కాగితంతో పెట్టెంతా తేలిగ్గా రుద్దండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎండీఎఫ్ పొడి చాలా సన్నం, పైగా అందులో జిగురు కూడా ఉంటుంది. రుద్దాక పొడిగుడ్డతో తుడవండి, తడిగుడ్డ వద్దు.

ఇక అంచులు. చెక్కకు వాడే రెడీమేడ్ లప్పాన్ని వేలితో తీసుకుని, అంచులోకి నొక్కుతూ పలచగా రాయండి. పైన మందంగా నిలవకూడదు, లోపలికి దిగాలి. రెండు మూడు గంటలు ఆరనిచ్చి 220తో రుద్దండి. కళ్ళు మూసుకుని వేలు జరిపి చూడండి. ముఖం మీద నుంచి అంచు మీదకు వచ్చినప్పుడు తేడా తెలియకపోతే అంచు సిద్ధమైనట్టే. తెలిస్తే ఇంకోసారి లప్పం పెట్టాల్సిందే.

దాని మీద ఒక పలుచని పూత స్పిరిట్ పాలిష్ వేయండి. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించిన ఈ పాలిష్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఇందులో నీరు దాదాపు ఉండదు కాబట్టి పీచు లేవదు, పైగా తర్వాత వేసే నీటి రంగుకు అడ్డుగోడలా నిలుస్తుంది. దీన్ని పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీ తెరిచి వాడండి. అరగంటలో ఆరుతుంది, కానీ గంట ఆగడం మేలు. 320తో ఒక్కసారి పైపైన రుద్ది, రెండు గంటల తేడాతో రెండు పూతలు తెల్ల ప్రైమరు (రంగు బాగా పట్టడానికి కింద వేసే పూత), ఆ తర్వాత రంగు రెండు మూడు పలుచని పూతలు వేయండి. మీ కొలత పెట్టెకు బయటి వైపు ఒక్కో పూతకు 12 మిల్లీలీటర్లకు మించి పట్టదు. 60 మి.లీ. రంగు సీసా ఒకటి కొంటే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ ఖర్చవుతోందంటే పూత మందమవుతోందని అర్థం.

ఇప్పుడు మీ దగ్గరున్న పెట్టె పారేయక్కర్లేదు. రంగు ఒక రోజంతా ఆరాక 180తో గరుకు పోయేదాకా రుద్ది, అంచుకు లప్పం పెట్టి, మళ్ళీ స్పిరిట్ పాలిష్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.

పైన్ చెక్క పెట్టె కొన్నవాళ్ళకు ఒక మాట. దానికి ఇంకో సులువు ఉంది. ముందే తడిగుడ్డతో పెట్టెను తుడిచి, నారను కావాలనే లేపి, ఆరాక నార వెళ్ళే దిశలో 220తో రుద్దేయండి. లేచేది రంగు కిందే లేచి తెగిపోతుంది. పైన్‌లో కనిపించే గోధుమరంగు కణుపుల మీద మాత్రం రెండు పూతలు స్పిరిట్ పాలిష్ వేయండి. లేకపోతే కొన్ని నెలలకు కణుపుల్లోని చెట్టు బంక తెల్లరంగులోంచి పసుప్పచ్చగా ఊరి బయటపడుతుంది.

ప్రశ్న: పెట్టె అందంగా వచ్చింది. వార్నిష్ కూడా ఆరింది. మూతపెట్టి పక్కన పెట్టాను. పది రోజుల తర్వాత తెరవబోతే మూత అంటుకుపోయింది. బలంగా లాగితే అంచు పొడవునా రంగు పొరలాగా ఊడి వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
— ఒక పాఠకుడు, కాకినాడ

మాకు వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అనిపించింది. గోడకు తగిలించే బొమ్మకూ పెట్టెకూ తేడా ఇక్కడే ఉంది. పెట్టె రోజూ తెరిచి మూసే వస్తువు. రంగు పట్టుకునే ముందే మూత ఎక్కడ ఆనుతుందో, ఎక్కడ రాసుకుంటుందో చూసుకోవాలి.

మీ విషయంలో రెండు కారణాలు కలిశాయి. మొదటిది మందం. కుంచెతో వేసిన ఒక పూత ఆరాక సుమారు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుంది. ప్రైమరు 2, రంగు 3, వార్నిష్ 3 కలిపి 8 పూతలంటే పావు మిల్లీమీటరు పైమాటే. మూత లోపలి అంచుకూ, పెట్టె అంచుకూ రెంటికీ వేస్తే అర మిల్లీమీటరు అవుతుంది. దిగుడు మూత ఉన్న పెట్టెలో వడ్రంగి వదిలే సందే అంత. ఆ సందంతా రంగుతో నిండిపోయింది.

రెండోది ఆరడం వేరు, గట్టిపడటం వేరు. చేతికి అంటకపోతే ఆరిందనుకుంటాం. అక్రిలిక్ రంగు, నీటి వార్నిష్ లోపల మెత్తగానే ఉండి, పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటాయి. వానాకాలంలో, మీ కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట ఇంకాస్త ఎక్కువే. ఈలోగా రెండు మెత్తని పొరలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటే ఒకే పొరగా కలిసిపోతాయి. లాగితే ఏది బలహీనంగా పట్టుకుని ఉందో అది ఊడుతుంది.

మరమ్మతు ఇలా. రెండు అంచుల మీదా ఉన్న రంగును 150తో పూర్తిగా చెక్క కనిపించేదాకా రుద్దేయండి. ఆ తర్వాత 320. ఆ అంచులకు మళ్ళీ రంగు వేయొద్దు. ఒక్క పూత స్పిరిట్ పాలిష్ వేసి, ఆరాక తేనెమైనం గాని, తెల్ల కొవ్వొత్తి గాని రుద్ది, పొడిగుడ్డతో మెరుగు పెట్టండి. ఊడిన చోట బయటి రంగు సరిచేసేటప్పుడు అంచు మీదకు రాకుండా మాస్కింగ్ టేపు అతికించండి. టేపును రంగు పూర్తిగా ఆరకముందే, ఇంకా కొద్దిగా తడిగా ఉండగానే, వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. ఆరిపోయాక లాగితే రంగు అంచు చిరుగుతుంది.

మూత నాలుగు వారాలు తెరిచే ఉంచండి. ఎవరికైనా బహుమతిగా ఇవ్వాల్సి వచ్చి మూయక తప్పకపోతే, బేకింగ్‌కు వాడే నూనె అంటని కాగితాన్ని సన్నని పట్టీలుగా కత్తిరించి అంచుల మధ్య పెట్టి ఇవ్వండి. వార్తాపత్రిక పెట్టకండి, దాని అచ్చు వార్నిష్‌కు ఎక్కుతుంది.

ప్రశ్న: అమ్మాయి పెళ్ళి శుభలేఖ మీది వినాయకుడి బొమ్మను పెట్టె మూతకు అతికించి దాచుకోవాలని ఉంది. ఇంతకు ముందు కాగితపు నాప్‌కిన్‌తో ప్రయత్నిస్తే ముడతలు పడి చిరిగింది. శుభలేఖ మళ్ళీ దొరకదు కదా, పాడవకుండా ఎలా?
— ఒక పాఠకురాలు, వరంగల్

అసలు శుభలేఖను ముట్టుకోకుండా కాపీ తీసి అతికించమన్నది మా మొదటి సలహా. లేజర్ ప్రింటు తీయించండి. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటి సిరా తడి తగిలితే పాకుతుంది. అనుమానముంటే ఒక మూల తడివేలు రాసి చూడండి, వేలికి రంగు అంటితే అది పనికిరాదు.

కాగితం తడిస్తే సాగుతుంది. పొడి కాగితానికి జిగురు రాసి అతికిస్తే అది అతుక్కున్నాక సాగడం మొదలుపెడుతుంది, వెళ్ళడానికి చోటులేక ముడత లేస్తుంది. అందుకని సాగేదేదో ముందే సాగనివ్వాలి. కత్తిరించిన ప్రింటును పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఉంచండి. తీసి రెండు పొడి తువ్వాళ్ళ మధ్య పెట్టి అద్దండి. ఫెవికాల్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు కలిపి, మూత మీదా కాగితం వెనకా రాసి, మధ్య నుంచి అంచుల వైపు వేళ్ళతో నెట్టుతూ అతికించండి. పైన ఒక ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద నుంచి రుద్దితే చిరగదు. చిన్న గాలిబుడగ మిగిలితే ఆరాక బ్లేడు కొసతో సన్నని గాటు పెట్టి, సూది మొనతో జిగురు లోపలికి పంపి నొక్కేయవచ్చు.

అసలు శుభలేఖే పెట్టాలని మనసుంటే, కార్డు మందం తగ్గించాలి. బొమ్మ వైపు రెండు పూతలు వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత వెనకవైపు మాత్రమే తడిచేసి, మెత్తబడ్డాక వేలితో దొర్లిస్తూ కాగితాన్ని పొరలు పొరలుగా తీసేయండి. తొందరపడితే చిల్లు పడుతుంది. ఒకేసారి అంతా తీయాలని లేదు, ఆరబెట్టి మళ్ళీ తడిపి తీయవచ్చు.

నాప్‌కిన్ దారి వేరు. దాన్ని నీళ్ళలో పెడితే జావ అయిపోతుంది. మూడు పొరల నాప్‌కిన్‌లో అచ్చు ఉన్న పై పొర ఒక్కటే తీసుకోవాలి. మీది ముడతలు పడటానికి కింది పొర ఒకటి మిగిలిపోవడమే కారణం కావచ్చు. మూల దగ్గర వేళ్ళతో నలిపితే పొరలు విడతాయి. తెల్ల ప్రైమరు వేసిన మూతకు ఫెవికాల్ మిశ్రమం రెండు పలుచని పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. అప్పుడు పొడిగానే నాప్‌కిన్ పరిచి, పైన బేకింగ్ కాగితం వేసి, ఆవిరి లేకుండా మధ్యస్థ వేడి మీద ఇస్త్రీపెట్టెను మధ్య నుంచి అంచులకు జరపండి. వేడికి ఆరిన జిగురు మళ్ళీ మెత్తబడి నాప్‌కిన్‌ను పట్టుకుంటుంది. తడి లేదు కాబట్టి ముడత రాదు. మూత అంచు దాటి వేలాడే నాప్‌కిన్‌ను కత్తెరతో కోయకండి. 220 ఉప్పు కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుని, పైనుంచి కిందికి ఒకే దిశలో రుద్దండి. నాప్‌కిన్ అంచు గీతలా తెగి రాలిపోతుంది, కింద అతికిన చోటు కనిపించదు.

ఇంకొకటి, బొమ్మ మూత నుంచి పెట్టె గోడ మీదకు దిగేలా పెడితే మూత తెరిచే గీత దాన్ని రెండుగా కోస్తుంది. దేవుడి ముఖం మీదుగా ఆ గీత వెళ్ళకుండా మూత వరకే వచ్చే కొలతలో ప్రింటు తీయించుకోండి.

ప్రశ్న: చెక్క పోపుల పెట్టె కొన్నాను. లోపలి గదులకు రంగులు వేయవచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

లోపల వద్దు. క్రాఫ్టు రంగులు తినే వస్తువులకు తగిలేలా చేసినవి కావు. సీసా మీద విషరహితమని ఉన్నా అది రంగు వేసేవారి గురించి చెప్పిన మాటే. బయట మీ ఇష్టం. లోపల పచ్చి చెక్కగా వదిలేసి గదుల్లో చిన్న స్టీలు గిన్నెలు అమర్చుకోండి. చెక్క ఎండిపోయినట్టుంటే తినడానికి పనికొచ్చే స్థాయి మినరల్ ఆయిల్‌లో తేనెమైనం కరిగించి (నాలుగు పాళ్ళకు ఒక పాలు) గుడ్డతో పట్టించవచ్చు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె రాయకండి. అవి చెక్కలో ఎప్పటికీ ఆరక, జిడ్డు పట్టి మక్కిన వాసన వేస్తాయి. అవిసె నూనె ఆరుతుంది గాని, తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాడితే ఆ గుడ్డను బయట విప్పి పరిచి ఆరేయాలి.

పసుపు కుంకుమల పెట్టె అడిగినవారికీ ఇక్కడే జవాబు. పసుపు మరక పడితే సబ్బునీళ్ళతో తుడవకండి. సబ్బు క్షారానికి పసుపు ఎర్రబడి మరక ఇంకా పెద్దదవుతుంది. పొడిగుడ్డతో దులిపి రెండు మూడు రోజులు ఎండ తగిలేలా పెట్టండి, పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. పెట్టె మీది రంగు కూడా వెలవొచ్చు కాబట్టి మరక పడిన వైపే ఎండకు పెట్టండి.

ప్రశ్న: అమ్మమ్మ గారి పాత పెట్టె ఒకటి ఉంది. చిన్న చిన్న చిల్లులున్నాయి, కింద సన్నని పొడి రాలుతోంది. దానిమీద పాత ఎర్ర రంగు పెచ్చులూడుతోంది. రుద్దేసి కొత్తగా వేయనా?
— ఒక పాఠకుడు, అనంతపురం

రుద్దడానికి తొందరపడకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గాని అమల్లోకి రాలేదు. పొడిగా రుద్దితే ఆ సీసం గాల్లో లేస్తుంది. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఊడే పెచ్చులను మాత్రం తడిగుడ్డతో అద్ది తీసి, ఆ గుడ్డను పారేసి, మిగిలిన రంగును అలాగే ఉంచి పైన రెండు పూతలు వార్నిష్ వేసి బంధించేయండి. పాత రంగు కనిపిస్తేనే ఆ పెట్టెకు అందం కూడా.

పొడి సంగతి. పెట్టెను నల్ల కాగితం మీద పెట్టి వారం ఆగండి. కొత్త పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. పెట్టె చిన్నదే కాబట్టి మందులు కొట్టక్కర్లేదు. పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి బిగించి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు వరకూ సంచి విప్పొద్దు. విప్పితే గాల్లోని చెమ్మ చల్లని చెక్క మీద నీరై పడుతుంది. ఆ తర్వాత చిల్లుల్లో మైనం గాని, ఆ చెక్క రంగుకు సరిపడే లప్పం గాని నింపండి. ముత్యాలు, దంతం, గాజు ముక్కలు పొదిగిన పెట్టె అయితే ఫ్రీజర్లో పెట్టకండి.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మల్లాంటి లక్క మెరుపు ఇంట్లో పెట్టెకు తీసుకురావడం ఎలా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

చదరపు పెట్టెకు రాదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, పైన మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. తిరిగే గుండ్రని వస్తువుకే ఆ పని కుదురుతుంది. అక్కడ చేసిన గుండ్రని కుంకుమ భరిణెలే కొనుక్కోండి, వాటిమీద మళ్ళీ రంగులు వేయకండి. సహజ రంగుల ఆ మెరుపును అక్రిలిక్ చంపేస్తుంది.

చదరపు మూత మీద ఇంట్లో చేయదగినది మక్కు పని. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడే మక్కు, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. వేయించి పొట్టు తీసిన చింతగింజల పొడి 50 గ్రాములను 400 మి.లీ. చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు సన్నని మంట మీద పెట్టి పావుగంట కలుపుతూ ఉడికించండి. వేడి నీళ్ళలో పొడి పోస్తే ఉండ కడుతుంది. చల్లారాక టీ వడకట్టే జాలీలో జల్లించిన రంపపు పొట్టును చపాతీ పిండిలా అయ్యేదాకా కలపండి. ముగ్గు గీతలా సన్నగా దొర్లించి, మూత మీద జిగురు రాసి, తీగలూ ఆకులూ అమర్చండి. ఒక పొర 3 మిల్లీమీటర్లు మించితే పైన ఎండి లోపల ఎండక పగుళ్ళు వస్తాయి. నీడలోనే రెండు రోజులు ఆరాలి. ఎండలో పెడితే అంచులు లేచిపోతాయి. పగుళ్ళు వచ్చినా భయం లేదు, అదే జిగురును పలచగా చేసి నింపి 220తో రుద్దితే కలిసిపోతాయి. మిగిలిన ముద్ద ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకండి, పులుస్తుంది. చింతగింజ జిగురుకు బూజు పట్టే గుణం ఉంది కనుక ఎండిన డిజైనును ప్రైమరు, రంగు, వార్నిష్‌లతో ఎక్కడా ఖాళీ లేకుండా కప్పాలి.

ప్రశ్న: మడతబంది స్క్రూ బిగిస్తే పెట్టె లోపలికి మొన పొడుచుకొచ్చింది, చెక్క కూడా చీలింది.
— ఒక పాఠకుడు, నిజామాబాద్

చిన్న పెట్టెల గోడ మందం చాలావరకు 5, 6 మిల్లీమీటర్లే. బందులతో ఇచ్చే స్క్రూలు 8 మిల్లీమీటర్లవి. 4 మిల్లీమీటర్లవి విడిగా కొనండి. ముందు 1 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం చేసి, స్క్రూ మరలకు కాస్త సబ్బు రుద్ది తిప్పితే చీలదు. చీలిన చోట అగ్గిపుల్లను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలోకి దించి, ఆరాక పైకి మిగిలింది కోసేసి, అందులోనే కొత్త రంధ్రం చేయండి.

ప్రశ్న: వెండి పట్టీలు దాచడానికి పెట్టె లోపల మఖమలు అతికించాను. జిగురు పైకి ఊరి మరకలు పడ్డాయి. రెండు నెలలకు పట్టీలు కూడా నల్లబడ్డాయి. సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

ఉండవచ్చు. వెండిని నల్లబరిచేది గంధకం. ఉన్ని, ఉన్ని ఫెల్టు, రబ్బరు జిగురు వెండి పక్కన ఉండకూడదు. తాజా వార్నిష్, ఎండీఎఫ్ నుంచి వచ్చే ఆవిర్లు కూడా మూసిన పెట్టెలో లోహాలకు మంచివి కావు. వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం నెల రోజులు, పెట్టెను తెరిచి ఉంచి గాని వెండి పెట్టకండి.

అస్తరును చెక్కకు నేరుగా అతికించడం మానేయండి. అడుగు కొలత కన్నా ప్రతి వైపూ 2 మిల్లీమీటర్లు తగ్గించి గట్టి అట్టముక్క కోసుకోండి. దానిమీద ఉతికిన నూలుగుడ్డను పరిచి, అంచులు వెనక్కి మడిచి, వెనకవైపు మాత్రమే జిగురు పెట్టండి. ఎదుటి వైపు జిగురు చుక్క ఉండదు కాబట్టి మరక పడదు. ఆ అట్టను పెట్టెలో ఊరికే దించితే చాలు, మాసినప్పుడు తీసి గుడ్డ మార్చుకోవచ్చు. పట్టీలను విడిగా చిన్న జిప్ కవర్లో పెట్టి, గాలి తీసి, అప్పుడు పెట్టెలో ఉంచండి.